పడవకూ బెండు కావాలి

వలను చూడండి. పై తాడుకు వరసగా బెండ్లు ఉంటాయి. కింది తాడుకు సీసం గుళ్ళు ఉంటాయి. బెండ్లు పైకి లాగుతాయి. గుళ్ళు కిందికి లాగుతాయి. అందుకే వల నీళ్ళలో గోడలా నిలబడుతుంది. బెండ్లు తెగిపోతే వల ముద్దయి అడుగుకు పోతుంది. అందుకే ఇలాంటి వలతో బెండ్లు లేకుండా ఎవరూ వేటకు పోరు.

మరి పడవకు బెండు ఉందా?

వల పోతే అప్పో సప్పో చేసి మళ్ళీ కొనుక్కోవచ్చు. నడి సముద్రంలో పడవ మునిగితే మనుషులే దక్కరు. ఒడ్డున ఉన్న ఆడవాళ్ళకు పడవ కనబడేదాకా ముద్ద దిగదు. అయినా వల బెండ్లను చూసినంత శ్రద్ధగా పడవలో బెండు ఉందో లేదో చాలామంది చూడరు. అది బయటికి కనబడదు. అడ్డ బల్లల కింద, పక్క గోడల లోపల దాగి ఉంటుంది.

పడవలో పెట్టే ఆ బెండునే ఫోమ్ అంటారు. అది ఎలా పనిచేస్తుంది? ఎంత పెట్టాలి? ఎక్కడ పెట్టాలి? ఎప్పుడు పాడవుతుంది? ఇవి తెలుసుకోవడం కష్టమేమీ కాదు. బకెట్టు నీళ్ళతో ఇంట్లోనే చేసి చూడవచ్చు.

నీళ్ళు పైకి నెడతాయి

మూత లేని చిన్న స్టీలు డబ్బా తీసుకోండి. దాన్ని బకెట్టు నీళ్ళలో నిలబెట్టండి. తేలుతుంది. ఇప్పుడు చేత్తో కిందికి నొక్కండి. చేతికి ఏదో ఎదురు తన్నినట్టు ఉంటుంది. అదే నీళ్ళ బలం.

డబ్బా నీళ్ళలోకి దిగినప్పుడు కొన్ని నీళ్ళను పక్కకు తోస్తుంది. ఎన్ని నీళ్ళను తోస్తే, ఆ నీళ్ళ బరువంత బలంతో నీళ్ళు డబ్బాను పైకి నెడతాయి. ఒక లీటరు నీళ్ళను తోస్తే ఒక కిలో బలం. పది లీటర్లను తోస్తే పది కిలోల బలం. ఇది చిన్న డబ్బాకైనా, పెద్ద ఓడకైనా ఒకటే లెక్క.

ఇప్పుడు డబ్బా నిండా నీళ్ళు పోయండి. బుడుంగున మునిగిపోతుంది. ఎందుకు? ఇంతసేపూ డబ్బా లోపల గాలి ఉంది. డబ్బా, గాలి కలిసి చాలా చోటు తీసుకున్నాయి. అంత చోటులోని నీళ్ళను పక్కకు తోశాయి. నీళ్ళు పోయగానే గాలి పోయింది. ఇక మిగిలింది పలచని స్టీలు రేకు ఒక్కటే. అది తోసే నీళ్ళు చాలా తక్కువ. రేకు బరువు ఎక్కువ. అందుకే మునిగింది.

పడవ కూడా అంతే. పడవను తేల్చేది చెక్కో ఫైబరో కాదు, లోపలి గాలి. అల వచ్చి నీళ్ళు నిండితే గాలి పోతుంది. అప్పుడు పడవ తేలుతుందా మునుగుతుందా అన్నది అది దేనితో చేశారో దాన్నిబట్టి ఉంటుంది.

తెప్ప ఎందుకు మునగదు?

పాత తరం వాళ్ళు తెప్పల మీద వేటకు పోయేవాళ్ళు. తేలిక కలప దుంగలను తాళ్ళతో కలిపి కడితే తెప్ప. దానికి తెరచాప కట్టి చాలా దూరం వెళ్ళేవాళ్ళు. అల మీదినుంచి పోయినా తెప్ప మునగదు. దానిలో నీళ్ళు నిండే గుంటే లేదు. పైగా ఆ కలప నీళ్ళకంటే తేలిక. తెప్ప తిరగబడినా పట్టుకుని వేలాడవచ్చు. మనిషి తడిసేవాడు, కానీ తెప్ప దక్కేది.

చెక్క పడవ కూడా నీళ్ళు నిండితే చాలావరకు తేలుతూనే ఉంటుంది. కానీ దానిలో బరువైన ఇంజను, లంగరు ఉంటే మునగవచ్చు.

తరవాత మంచి కలప దొరకడం కష్టమైంది. ధర పెరిగింది. 1980లు, 1990ల నుంచి మన తీరంలో ఫైబర్ పడవలు పెరిగాయి. ఫైబర్ అంటే గాజు దారాల గుడ్డ. దాన్ని రెజిన్ అనే జిగురుతో పొరలు పొరలుగా అంటించి పడవ చేస్తారు. అది పుచ్చదు, చెదపట్టదు. ఒడ్డుకు లాగడం తేలిక. చాలా మేలే జరిగింది.

కానీ ఒక్క సంగతి మరచిపోకూడదు. ఫైబర్ నీళ్ళకంటే బరువు. ఒక లీటరు నీళ్ళు ఒక కిలో తూగితే, అంతే చోటు పట్టే ఫైబర్ సుమారు కిలోన్నర తూగుతుంది. అంటే నీళ్ళు నిండిన ఫైబర్ పడవ స్టీలు డబ్బాలాగే అడుగుకు పోతుంది. తెప్పకు కలపే బెండు. ఫైబర్ పడవకు ఆ బెండు పుట్టుకతో రాదు. మనిషే పెట్టాలి.

ఫోమ్ అంటే ఏమిటి?

సబ్బు నురగ గట్టిపడితే ఎలా ఉంటుందో ఫోమ్ అలా ఉంటుంది. దాని నిండా చిన్న చిన్న గదులు. ప్రతి గదిలో గాలి. ఒక గదికీ ఇంకో గదికీ మధ్య గోడ. ఒక గది పగిలినా పక్క గదిలోకి నీళ్ళు పోవు.

పరుపులో వాడే స్పాంజి అలా కాదు. దానిలో గదులకు తలుపులు తెరిచి ఉన్నట్టే. నీళ్ళు పీల్చేస్తుంది. కాబట్టి పరుపు స్పాంజి పడవకు పనికిరాదు.

పడవల్లో ఎక్కువగా రెండు రకాల ఫోమ్ వాడతారు. ఒకటి థర్మోకోల్. టీవీ, ఫ్రిజ్ పెట్టెల్లో వచ్చే తెల్లటి దిమ్మ అదే. రెండోది పసుపు రంగు ఫోమ్. దీన్ని పాలీయురితేన్ అంటారు. రెండు ద్రవాలను కలిపి పోస్తే ఇడ్లీ పిండిలా పొంగి గట్టిపడుతుంది. మూలమూలకూ పాకుతుంది.

థర్మోకోల్ ఎంత తేలికో చూడండి. ఒక లీటరు నీళ్ళు వెయ్యి గ్రాములు. ఒక లీటరు థర్మోకోల్ సుమారు 15 నుంచి 30 గ్రాములే. కాబట్టి ఒక లీటరు థర్మోకోల్‌ను నీళ్ళలో ముంచితే అది దాదాపు ఒక కిలో బరువును మొయ్యగలదు. ఈ ఒక్క లెక్క గుర్తుంటే చాలు: లీటరు ఫోమ్, కిలో బలం.

ఈ ఆలోచన పాతదే

1785లో లండన్ నగరంలో లయనెల్ ల్యూకిన్ అనే ఆయన ఉండేవాడు. ఆయన గుర్రపు బండ్లు తయారు చేసేవాడు. మునగని పడవ చెయ్యాలని ఆయనకు పట్టుదల. ఒక పడవ తీసుకుని, దాని రెండు పక్కల అంచులకు బయటినుంచి బెండు కట్టాడు. ముందూ వెనకా గాలి గదులు పెట్టి నీళ్ళు పోకుండా మూసేశాడు. అడుగున ఇనుప బరువు తగిలించాడు. పైన బెండు, కింద ఇనుము. మన వల మాదిరే. ఆ పద్ధతికి ఆయన పేటెంటు తీసుకున్నాడు.

1961లో అమెరికాలో ఇంకో వింత జరిగింది. రిచర్డ్ ఫిషర్ అనే ఆయన కంపెనీ 13 అడుగుల ఫైబర్ పడవలు తయారు చేసేది. వాటికి లోపల ఒక గోడ, బయట ఒక గోడ. మధ్యలో అంతా ఫోమ్. పడవ మునగదని మాటలతో చెబితే ఎవరు నమ్ముతారు? ఆయన నీళ్ళలో పడవలో కూర్చున్నాడు. పడవను రంపంతో అడ్డంగా రెండు ముక్కలుగా కోయించాడు. రెండు ముక్కలూ తేలాయి. ఇంజను ఉన్న వెనక ముక్కను నడుపుకుంటూ వెళ్ళిపోయాడు. ఆ ఫొటోలు లైఫ్ అనే పత్రికలో వచ్చాయి.

1970ల నుంచి అమెరికాలో 20 అడుగుల లోపు ఇంజను పడవలు చాలావాటికి ఒక నిబంధన వచ్చింది. నీళ్ళు నిండినా పడవ తేలేలా తయారు చెయ్యాలి. తెరచాప పడవలకు ఆ నిబంధన లేదు. కానీ పోటీల్లో నడిపే చిన్న తెరచాప పడవలకు ఆ ఆట సంఘాలే సొంతంగా నియమాలు పెట్టుకున్నాయి.

ఎంత ఫోమ్ కావాలి?

పడవ మొత్తం బరువుకు సరిపడా ఫోమ్ అక్కర్లేదు. ఎందుకంటే నీళ్ళలో మునిగిన వస్తువును నీళ్ళు కొంత మోస్తాయి. బావిలో బిందె నీళ్ళలో ఉన్నంతసేపూ తేలిక. నీళ్ళ పైకి వచ్చాకే బరువు తెలుస్తుంది. ఇదీ అంతే.

నీళ్ళలో మునిగాక ఫైబర్ బరువులో మూడో వంతే మిగులుతుంది. ఇనుము బరువు మాత్రం చాలావరకు అలాగే ఉంటుంది. ఎనిమిదో వంతే తగ్గుతుంది. సీసం ఇంకా మొండిది. చేపల బరువు నీళ్ళలో దాదాపు తెలియదు. ఐసు దానంతటదే తేలుతుంది. మనిషి ఒళ్ళు కూడా నీళ్ళలో దాదాపు తేలుతుంది. తల నీళ్ళ పైన ఉంచడానికి కాస్త ఊతం చాలు.

ఒక చిన్న పడవ లెక్క వేసి చూద్దాం.

ఫైబర్ పడవ బరువు 400 కిలోలు. నీళ్ళలో మిగిలేది సుమారు 135 కిలోలు.

ఇంజను 50 కిలోలు. నీళ్ళలో మిగిలేది 45 కిలోలు అనుకుందాం.

లంగరు, ఇతర ఇనుప సామాను 20 కిలోలు. నీళ్ళలో మిగిలేది 18 కిలోలు.

నలుగురు మనుషులు నీళ్ళలో ఉండి పడవను పట్టుకుంటారు. ఒక్కొక్కరికి 10 కిలోల చొప్పున 40 కిలోలు.

అన్నీ కలిపితే 238 కిలోలు. అంటే 238 లీటర్ల ఫోమ్. ఫోమ్ పాతబడుతుంది, కొంత నీళ్ళు తాగుతుంది. అందుకని నాలుగో వంతు కలుపుకోవాలి. మొత్తం సుమారు 300 లీటర్లు.

300 లీటర్లు అంటే ఎంత? 20 లీటర్ల నీళ్ళ డబ్బాలు 15. లేదా మీటరు పొడవు, అర మీటరు వెడల్పు, రెండు అంగుళాల మందం ఉన్న థర్మోకోల్ షీట్లు 12. ఒక్కో షీటు 25 లీటర్లు. పన్నెండు పాతికలు మూడు వందలు.

ఇది మనుషులు నీళ్ళలో ఉండి పట్టుకుంటే సరిపోయే లెక్క. వాళ్ళు పడవలోనే కూర్చుని, సగం ఒళ్ళు నీళ్ళ పైన ఉండాలంటే ఒక్కొక్కరికి ఇంకో 20, 30 లీటర్లు కావాలి. పెద్ద ఇంజను పెడితే మళ్ళీ లెక్క వెయ్యాలి. పాత పడవకు కొత్త బరువైన ఇంజను తగిలించి, ఫోమ్ సంగతి మరచిపోతే ప్రమాదం.

ఎక్కడ పెట్టాలి?

ఎంత పెట్టామన్నది ఎంత ముఖ్యమో, ఎక్కడ పెట్టామన్నదీ అంతే ముఖ్యం. మళ్ళీ స్టీలు డబ్బా తీసుకోండి. అరచేతి అంత థర్మోకోల్ ముక్కలు రెండు తెచ్చుకోండి. డబ్బా పై అంచు దగ్గర అటొకటి ఇటొకటి పెట్టి దారంతో గట్టిగా కట్టండి. డబ్బాను నీళ్ళలో పెట్టి, లోపల కూడా నీళ్ళు నింపండి. అంచు దగ్గర తేలుతూ నిటారుగా నిలబడుతుంది.

ఇప్పుడు ఆ ముక్కలు విప్పి డబ్బా అడుగుకు కట్టండి. మళ్ళీ నీళ్ళు నింపండి. డబ్బా బోర్లా పడుతుంది. మూతి కిందికి, అడుగు పైకి.

ముక్కలు అవే. డబ్బా అదే. చోటు మారింది, అంతే. తేలికైనది పైకి వస్తానంటుంది. బరువైనది కిందికి పోతానంటుంది. ఫోమ్ అంతా పడవ అడుగున ఉంటే, నీళ్ళు నిండిన పడవ తిరగబడుతుంది. మనుషులు నున్నటి అడుగు భాగం పట్టుకోలేక జారిపోతారు.

అందుకని ఫోమ్‌లో ఎక్కువ భాగం పైన ఉండాలి. రెండు పక్కలా అంచుల కింద, లోపలి వైపు పొడవునా పెట్టాలి. కొంత ముందు భాగంలో, కొంత వెనక భాగంలో పెట్టాలి. ఇంజను వెనక ఉంటుంది కాబట్టి వెనక కాస్త ఎక్కువ కావాలి. లేకపోతే పడవ తోక మునిగి, ముక్కు ఆకాశం చూస్తుంది. అడ్డ బల్లల కింద కూడా పెట్టవచ్చు.

ఫోమ్‌ను వదులుగా పెట్టకూడదు. నీళ్ళు నిండినప్పుడు 50 లీటర్ల దిమ్మ 50 కిలోల బలంతో పైకి తంతుంది. పాత తాడుతో కడితే తెంపుకుని పోతుంది. ఫోమ్ ఒక దారి, పడవ ఒక దారి. అందుకే పెట్టెలాంటి అరలో పెట్టి, పైన ఫైబర్‌తో మూసెయ్యాలి.

తేలడం వేరు, తోడడం వేరు

తెరచాప పడవకు ఇంకో చిక్కు ఉంది. గాలి ఒక్కసారిగా తిరిగితే తెరచాప పక్కకు ఒరిగి పడవ పడిపోతుంది. అది అనుభవం ఉన్నవాళ్ళకైనా జరుగుతుంది. పడిన పడవను నిలబెట్టాలి. నీళ్ళు తోడెయ్యాలి. మళ్ళీ బయలుదేరాలి.

ఫోమ్ తక్కువగా ఉంటే పడవ మునగదు, కానీ దాని అంచు నీళ్ళ కిందే ఉండిపోతుంది. ఒక చెంబు తోడితే పది చెంబులు లోపలికి వస్తాయి. ఎంత తోడినా వృథా. పక్కల ఫోమ్ సరిపడా ఉంటే అంచు నీళ్ళ పైకి వస్తుంది. అప్పుడు బకెట్టుతో తోడుకోవచ్చు. పడవను దక్కించుకుని ఇంటికి రావచ్చు.

హైదరాబాదులోని హుస్సేన్ సాగర్‌లో పిల్లలు చిన్న తెరచాప పడవలు నేర్చుకుంటారు. వాటిలో ఒకటి ఆప్టిమిస్ట్. ఎనిమిది అడుగుల లోపు పడవ. 1947లో అమెరికాలో దీన్ని రూపొందించారు. దానిలో ఫోమ్ బదులు మూడు గాలి సంచులు గట్టిగా కట్టి ఉంటాయి. పడవ తిరగబడితే పిల్లలే దాన్ని నిలబెట్టి, నీళ్ళు తోడి, మళ్ళీ ఎక్కుతారు. పడవ పడిపోవడం అక్కడ పాఠంలో ఒక భాగం. ఆడుకునే పిల్లల పడవకే ఇంత జాగ్రత్త ఉంటే, బతుకుతెరువు పడవకు ఎంత ఉండాలి?

గాలి సంచికీ ఫోమ్‌కూ తేడా ఉంది. గాలి సంచికి ముల్లు గుచ్చుకుంటే గాలంతా పోతుంది. మూసిన గాలి గదికి చిన్న చిల్లు పడినా నీళ్ళు నిండుతాయి. ఫోమ్‌కు అలా కాదు. సగం విరిగినా మిగతా సగం పనిచేస్తుంది.

ఫోమ్‌కు శత్రువులు

పెట్రోలు మొదటి శత్రువు. గ్లాసులో కాస్త పెట్రోలు పోసి థర్మోకోల్ ముంచితే క్షణాల్లో కరిగి జిగురవుతుంది. ఇంట్లో ఇది చెయ్యకండి. నిప్పు అంటుకుంటుంది. పడవలో పెట్రోలు డబ్బా కారితే, అది పగుళ్ళలోంచి దిగి, థర్మోకోల్‌ను లోలోపలే తినేస్తుంది. బయటినుంచి పడవ బాగానే కనిపిస్తుంది. లోపల బెండు ఉండదు. పెయింటులో కలిపే థిన్నర్ కూడా అంతే. పసుపు ఫోమ్ పెట్రోలుకు అలా కరగదు.

రెండోది రెజిన్. పడవకు వాడే మామూలు రెజిన్ తగిలినా థర్మోకోల్ కరుగుతుంది. అందుకే తెలిసిన మేస్త్రీ థర్మోకోల్‌కు ముందు మందపాటి పాలిథిన్ కవరు చుట్టి, ఆ తరవాతే ఫైబర్ వేస్తాడు.

మూడోది నీళ్ళే. రోజుల తరబడి నీళ్ళలో నానితే నాసిరకం థర్మోకోల్ గింజల మధ్యకు నీళ్ళు పోతాయి. పసుపు ఫోమ్ కూడా ఏళ్ళు గడిస్తే నీళ్ళు తాగుతుంది. ఒకసారి తాగితే ఆరడం కష్టం. అప్పుడు అది పడవను మొయ్యదు. పడవే దాన్ని మొయ్యాలి.

ఎండకు ఫోమ్ పొడి రాలుతుంది. ఎలుకలు కొరుకుతాయి. చీమలు గూళ్ళు పెడతాయి. అందుకే కప్పు లేకుండా ఉంచకూడదు. పాత ఫోమ్ ముక్కలను పొయ్యిలో పెట్టకూడదు. ఆ పొగ విషం.

ఎలా తెలుసుకోవాలి?

ఆంధ్ర తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం ఉంటుంది. ఇంజను పడవలన్నీ ఒడ్డున ఉంటాయి. వలలు బాగుచేసుకునే ఆ 61 రోజుల్లోనే ఫోమ్ కూడా చూసుకోవాలి.

పడవ బరువు గమనించాలి. పోయిన ఏడాది ఆరుగురు లాగిన పడవను ఇప్పుడు ఎనిమిదిమంది లాగుతున్నారా? ఫోమ్ నీళ్ళు తాగి ఉండవచ్చు.

అరలను వేళ్ళతో తట్టి చూడాలి. ఒకచోట ఒక చప్పుడు, ఇంకోచోట డొల్ల చప్పుడు వస్తే లోపల ఫోమ్ కరిగిపోయిందేమో అనుమానించాలి. పెట్రోలు వాసన వస్తున్నా అనుమానించాలి.

అర కింద చిన్న రంధ్రం చేసి చూడవచ్చు. నీళ్ళు కారితే ఆ ఫోమ్ తీసి కొత్తది పెట్టాలి. తరవాత రంధ్రం మూసెయ్యాలి.

అన్నిటికంటే మంచి పరీక్ష ఒకటుంది. అలలు లేని చోట, రొమ్ము లోతు నీళ్ళలో పడవను నింపి చూడటం. ఇంజను విప్పి, దాని బదులు అంతే బరువు ఇనుము కట్టాలి. తాడు ఒడ్డున పట్టుకోవాలి. నీళ్ళు నిండాక పడవ సమంగా తేలిందా? ఒక పక్కకు ఒరిగిందా? తిరగబడిందా? నలుగురు పట్టుకుంటే మోసిందా? ఒక పూటలో తెలిసిపోతుంది. సముద్రం పెట్టే పరీక్షకంటే ముందు మనం పెట్టే పరీక్ష మంచిది.

కొత్త ఫోమ్‌కు డబ్బు లేనివాళ్ళు ఏం చెయ్యాలి? మూత గట్టిగా పట్టే ఖాళీ ప్లాస్టిక్ డబ్బాలు పనికొస్తాయి. పెద్దది ఒక్కటి పెట్టే బదులు చిన్నవి ఎక్కువ పెట్టాలి. ఒకటి పగిలినా మిగతావి ఉంటాయి. అడ్డ బల్లల కింద, పక్కల గట్టిగా బిగించాలి. మూతలు తరచూ చూసుకోవాలి.

బిల్లు చదవండి

పడవ నడిపేది మగవాళ్ళు. కానీ పడవ కోసం సంఘంలో అప్పు తీసుకునేది, వాయిదాలు కట్టేది, తట్ట నెత్తిన పెట్టుకుని చేపలమ్మేది చాలా ఇళ్ళలో ఆడవాళ్ళే. సంతకం పెట్టేవాళ్ళకు అడిగే హక్కు ఉంటుంది.

పడవ చేసే షెడ్డుకు వెళ్ళినప్పుడు ఇవి అడగండి.

"మేస్త్రీ, ఫోమ్ ఏ రకం వేస్తున్నావు?"

"మొత్తం ఎన్ని లీటర్లు?"

"పక్కల ఎంత, ముందు ఎంత, వెనక ఎంత?"

"థర్మోకోల్ అయితే పైన కవరు చుట్టావా?"

"నీళ్ళు నింపి తేల్చి చూపిస్తావా?"

అరలు మూసెయ్యక ముందే వెళ్ళి కళ్ళతో చూడాలి. మూసేశాక ఏముందో ఎవరికీ తెలియదు. "ఫోమ్ వేశాంలే అమ్మా" అన్న మాట చాలదు. ఏ రకం, ఎన్ని లీటర్లు అన్నది బిల్లులో రాయించాలి. రాసింది చదవాలి. అంకెలు సరిచూడాలి. ఆ తరవాతే సంతకం.

ఫోమ్ చెయ్యలేనిది

ఫోమ్ పడవను మునగనివ్వదు. తుపానును ఆపలేదు. 1996 నవంబర్ 6న కాకినాడకు దక్షిణంగా తుపాను తీరం దాటింది. వెయ్యిమందికి పైగా చనిపోయారు. భైరవపాలెం లాంటి ఊళ్ళ నుంచి వేటకు వెళ్ళినవాళ్ళు ఎందరో తిరిగి రాలేదు. అంత గాలిలో ఏ పడవా నిలవదు. రేడియోలో, ఫోనులో హెచ్చరిక వస్తే వేటకు పోకపోవడమే మొదటి రక్షణ. పోయినవాళ్ళు వెంటనే తిరిగి రావాలి.

ఫోమ్ ఉన్నా ప్రతి మనిషికీ లైఫ్ జాకెట్ ఉండాలి. అది ఇంట్లో వేలాడదీస్తే లాభం లేదు. ఒంటి మీద ఉండాలి. పడవ అంచు వెంట పట్టుకోవడానికి తాడు కట్టి ఉండాలి. ఆపదలో ఫోను అందితే 1554కు చెయ్యాలి. అది కోస్ట్ గార్డ్ నంబరు. ఇంటి గోడ మీద కూడా రాసి పెట్టుకోవాలి.

ఇంకో మాట ఇంట్లో అందరికీ చెప్పాలి. పడవ నీళ్ళు నిండినా తేలుతుంటే దాన్ని వదిలి ఈదకూడదు. ఒడ్డు కనిపిస్తుంది, కానీ అది కళ్ళకు దగ్గర, చేతులకు దూరం. ఒంటరి తల అలల మధ్య ఎవరికీ కనబడదు. పడవ కనబడుతుంది. వెతికేవాళ్ళు దాన్ని చూసే వస్తారు. అందరూ పడవను పట్టుకుని ఒకేచోట ఉండాలి.

అప్పటిదాకా ఆ పడవ నీళ్ళ పైన ఉండాలి. అందుకే లోపల ఫోమ్ ఉండాలి.

మాట్లాడుకోండి

1. మీ ఊరి పడవల్లో ఫోమ్ ఎక్కడెక్కడ ఉంది? చివరిసారి ఎప్పుడు చూశారు?

2. ఒక పడవ బరువు 600 కిలోలు. అది ఫైబర్‌తో చేసింది. ఇంజను, మనుషులు లేకుండా దానికి కనీసం ఎన్ని లీటర్ల ఫోమ్ కావాలి?

3. ఫోమ్ అంతా అడుగునే పెడితే ఏమవుతుంది? ఎందుకు?

4. మీ సంఘంలో పడవకు అప్పు ఇచ్చేటప్పుడు ఏ ఏ సంగతులు రాయించుకోవాలి? ఒక కాగితం మీద రాయండి.